జవాబు వచ్చే సంచికలో

నెలకి నాలుగు పేజీలు. పేరు "ముల్లు".
గుంటూరు పట్నంబజారులో
చెప్పుల కొట్టుకీ అత్తరు కొట్టుకీ నడుమ
మూడడుగుల అద్దాల డబ్బాలో కూర్చుని
మీరావలి గారు రాసేవారు,
కంటికున్న భూతద్దం తియ్యకుండానే.

నేను కంపోజిటర్ని, కొత్తపేట ప్రెస్సులో.
వాచీలో టైం చూడ్డం వచ్చు, అంతవరకే.
ఆయన రాతప్రతుల్లోంచే తెలిసింది
దాని ప్రాణం వెంట్రుకంత సన్నటి చుట్టలో ఉంటుందని.
"బాల్ కమాన్" అని పేర్చమన్నారు.
ఎస్కేప్ వీలుకి తెలుగేమిటని అడిగితే
"పారిపోయే చక్రమని వేస్తే
గిరాకీ కూడా పారిపోతాడోయ్" అని
రెండ్రోజులు ఆలోచించి
ఇంగ్లీషు మాటే ఉంచేశారు.

చందాదార్లు అరవై ఇద్దరు.
చీరాల, నరసరావుపేట, బాపట్ల.
ఒంగోల్లో ఒకే ఒకడు, వాడూ అప్పే.
రెండో పేజీలో మెయిన్ స్ప్రింగుల ధరలు,
మూడో పేజీలో పోయిన వాచీల నంబర్లు:
అమ్మకానికొస్తే కొనకండి, తెచ్చినవాణ్ణి కొట్టకండి.
పదో తారీఖుకి రావాల్సిన పత్రిక
ఇరవై ఆరుకి ముందు ఎప్పుడొచ్చింది గనక!
తెనాలి నుంచి ఒకాయన కార్డు రాశాడు:
"అయ్యా, మీ ముల్లుకి కీ ఇవ్వడం మరిచారా?"
అదీ వేయించారు, పెద్దక్షరాల్లో.

తర్వాత సెల్లు వాచీలొచ్చాయి.
బ్రాడీపేటలో గోనెపట్టా మీద
కుప్పపోసి అమ్మేవాళ్ళు.
"ఒకటి విప్పి చూశాను. చెప్పడానికేం లేదు."
ఆ నెల సంపాదకీయం అంతే.
మిగతా జాగా ఖాళీగా వదిలెయ్యమన్నారు.
ఖాళీ పేర్చడానికీ సీసం కావాలని
ఆయనకి నేను చెప్పలేదు.

ఆఖరి సంచికలో రేపల్లె కోటయ్య ప్రశ్న:
"పగలంతా సరిగ్గా నడుస్తోంది.
రాత్రి పడుకునేముందు తీసిపెడితే ఆగిపోతోందట.
మూడుసార్లు విప్పాను, దోషం కనపడలేదు."
కింద, జవాబు వచ్చే సంచికలో.

ఆ సంచిక పేర్చాను.
కాగితం బాకీ తీరలేదని ఓనరు మిషనెక్కించనివ్వలేదు.
పురికొస కట్టిన పేజీలు
నాలుగేళ్ళు బల్లకింద పడున్నాయి.
ఆఫ్‌సెట్ రాగానే సీసమంతా కిలోల్లెక్కన పోయింది,
ఆ జవాబుతో సహా.
చదివింది నేనొక్కణ్ణే, అదీ తలకిందులుగా.
"అయస్కాంతం"లో ఒక సున్న తప్పిపోయింది కూడా.
ప్రూఫు చూసినవాళ్ళు లేరు.

కోటయ్య గారూ,
ఇంకోసారి విప్పకండి.
రాత్రిళ్ళు దాన్నెక్కడ పెడుతున్నాడో
ఆ మనిషినే అడగండి.
రేడియో మీంచి తియ్యమనండి.