సున్నా నీళ్లు

మోటర్ వైండింగ్ షాపు వెనక గదిల
రాగితీగ చుట్టల పక్కన, పొట్టి బల్ల మీద
మూడడుగుల సముద్రం ఉంది.
దాంట్ల చిటికెన వేలంత చేప ఒక్కటే.

నారింజ ఒంటి మీద ఊదా గీతలు,
ఎవరో తీరిగ్గ స్కేలు పెట్టి గీసినట్టు.
కరీబియన్ దీవుల కాడ, ఎండ సరిగ్గ దిగని లోతుల,
రాతి సందుల్ల ఉంటదంట.
జమీల్ భాయ్ ఇల్లు ఖాళీ చేస్తూ నాకిచ్చిండు,
రెండు పంపులు రిపేరు చేసిన బాకీ కింద.
నల్గొండ బస్సుల థర్మాకోల్ డబ్బా ఒళ్లో పెట్టుకొని వచ్చిన.
చౌటుప్పల్ దాటినా మూత తెరవలే.
చిట్యాల కాడ కండక్టర్ అడిగిండు: "ఐస్‌క్రీమా?"
అవునన్న.

ఇగ నీళ్ల ముచ్చట.
మా బోరు నీళ్లు దీనికి పనికిరావు.
మాకూ పనికిరాకుండె.
ఆ సంగతి ఎవరో వచ్చి చెప్పేసరికే
మా పెద్దవ్వ ఈదమ్మ నడుము ఒంగిపోయింది.
ఎదురొచ్చే మనిషిని
చెప్పులను బట్టి గుర్తుపడతది.

ఫిల్టర్ తెచ్చింది ఆమె కోసమే.
ఇప్పుడు ఒక బిందె ఆమెకు, ఒక బిందె చేపకు.
మీటరు అవ్వనే ముంచుతది,
వేళ్లు చాపరావు గానీ పట్టు గట్టిదే.
అంకెల్ల సున్నా ఒక్కటే గుర్తుపడతది ఆమె.
సున్నా వచ్చినంక నేను ఉప్పు తూచి కలుపుత,
లీటరుకు ముప్పై అయిదు గ్రాములు.
"ఉప్పు లేకుంట చేసుడెందుకు, మళ్ల ఉప్పు పోసుడెందుకు?"
అంటది రోజూ.
ఒకనాడు అడిగింది:
"మనూరి చేదబాయిల ముంచితే ఎంత చూపుతుండె ఇది?"
ఈ మీటరు మొత్తమే చెప్తదవ్వా,
అండ్ల ఏ మన్ను ఎంతో చెప్పదన్న.
"గట్లనా" అని
తుడిచి డబ్బాల పెట్టింది.

మే నెల. మధ్యాహ్నం కరెంటు పోతే
గడ్డకట్టిన నీళ్ల సీసాలు వేసి
గంటగంటకు వేడి చూసుకుంట కూసున్న.
మూడు వారాలైంది చేప కనబడక.
టార్చి కొట్టిన. రొయ్యపిల్లల ఎర చూపిన.
రాయి లేపితే గుహ కూలుతదని భయం.
చచ్చింటే ఈపాటికి నీళ్లు చెడాలె, చెడలే.
జమీల్ భాయ్‌కి ఫోన్ చేసి చెప్పుదామని నంబరు తీసిన.

"ఎందుకురా గంత పరేషాను?
రెండో రాయి కింద ఉన్నది గదా,
రోజూ చూస్తనే ఉన్న."

ఆమె నిలబడ్డ కాడ నిలబడ్డ.
రాయే కనబడ్డది.
నడుము వంచిన. ఇంకా వంచిన.
మోకాళ్ల మీద చేతులు పెట్టి,
మెడ ఆమె మెడ లెక్క పక్కకు తిప్పితే

చీకట్ల ఊదా గీత ఒకటి కదిలింది.
తర్వాత కన్ను.

నాకు నడుం పట్టేసింది, లేచిన.
అవ్వ ఇంకా అట్లనే ఉన్నది.
"ముసుగేసుకున్న కోడలు లెక్కున్నది,
తిన్నదా లేదా?" అనడిగింది.