నాలుగో దారి

కేజీహెచ్ మెట్ల మీదుగా సముద్రపు గాలి ఉప్పుగా ఎక్కి వస్తుంది.
రెండో అంతస్తులో, దీపాలార్పిన గదిలో
నూకరత్నం తల లోపలి ఊరు తెర మీద వెలుగుతోంది.
నరాల కట్టలు నీలం, నెత్తుటి దారులు ఎరుపు,
నడుమ నిమ్మకాయంత బూడిదరంగు గడ్డ.

యంత్రం రాత్రంతా దారులు వెతికింది.
వేల తలల పటాలు చదివిన బుద్ధి దానిది.
పదకొండు గీసి, ఏడింటిని తనే కొట్టేసి
మిగిలిన నాలుగింటికి వరస పెట్టింది.
మొదటిది దగ్గరిదారి: మాటకు నాలుగు శాతం ముప్పు.
నాలుగోది చుట్టుదారి: కుడిచేతి వేళ్లకు ఏడు శాతం.
ఏడు కన్నా నాలుగు చిన్నది.
దానికి తెలిసిన లెక్క అంతే. నాకూ అంతే.

ఆమెకు తెర చూపించాను.
ఫిషింగ్ హార్బర్‌లో ముప్పయ్యేళ్లుగా
తెల్లారగట్ల చేపల వేలంపాట నడిపే మనిషి.
చాలాసేపు చూసింది, పడవ అడుగున చిల్లు వెతికినట్టు.
"సేపనెత్తడానికి నా కోడలు పైడితల్లి ఉంది డాట్రమ్మా.
నోరెత్తడానికి ఎవులున్నారు?"
నాలుగో దారి మీద వేలు పెట్టింది.
తెర మీద తేమ మచ్చ మిగిలింది.

పొద్దున్న పుర్రె తెరిచాం. ఆమె మెలకువగానే ఉంది.
తెరవగానే మెదడు కాస్త కుంగుతుంది,
ఆటుకు నీరు దిగినట్టు.
నిన్నటి పటం ఇవాళ చెల్లదు.
యంత్రం మళ్లీ కొలిచి గీతను రెండు మిల్లీమీటర్లు జరిపింది.
నేను చెయ్యి జరిపాను.

మామూలుగా బొమ్మలు చూపించి పేర్లడుగుతాం:
కుర్చీ, గొడుగు, తాళంచెవి.
ఆమెకు చేపలు పెట్టాం.
కోనెం. చందువ. కానాగంత. సావడాయి.
పేరు పలికినప్పుడల్లా ఒక్క మిల్లీమీటరు ముందుకి.

పండుగప్ప దగ్గర ఆగిపోయింది.

తెర మీద అంతా పచ్చగానే ఉంది.
మత్తు డాక్టరు సత్యానందం నా వైపు చూశాడు.
పరికరం గాల్లో నిలిచింది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు...
మాట ఎక్కడ తెగింది? ఏ పోగు?
యంత్రమా, నువ్వు చదివిన అన్ని తలల్లో
ఈ మౌనం ఎక్కడైనా ఉందా?

గుడ్డ కిందనుంచి గొంతు లేచింది:
"పండుగప్ప... మూడేలు! మూడేలు ఒకటోపాలి!
ఏటి, ఎవులూ మాటాడరేటి?"

పెద్ద చేపకు ముందు ఆమె ఇచ్చే విరామమట అది,
కొనేవాళ్లను ఉడికించడానికి.

ఆర్నెల్లయింది. చిటికెనవేలు, ఉంగరపువేలు మొద్దుబారాయి.
ఆ ఏడు శాతంలోనే పడింది.
ఫైల్లో రాశాను. యంత్రానికీ చెప్పాను.
మొన్న జెట్టీ దగ్గర కనిపించింది,
ఎడమచేత్తో నోట్లు లెక్కపెడుతూ.
నన్ను చూసి లెక్క తప్పి, నన్నే తిట్టి,
మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.