పడక పన్ను

మా మామ దూదేకిన విల్లు
ఇంకా అటక మీదనే ఉంది, నారి లేకుండా.
గండికోటలో మాకుండేది రెండర్రలు, ఒక వసారా.
శనివారమైతే అర్రలు బెంగుళూరోళ్లవి,
వసారా మాది.
సోమవారం దుప్పట్లు ఉతికి ఆరేసినంక
ఇల్లు మళ్లా మా పేరుకొస్తాది.

పరుపులు నా మొగుడు పక్కీరయ్య కుట్టినాడు.
బూరుగు దూది, జమ్మలమడుగులో తెచ్చిన గుడ్డ.
"ఇంత మెత్తగుంది, యాడ కొన్నారంకుల్?" అని
ఒక పిల్ల అడిగితే
నోటితో చెప్పల్యా, చేతులు చూపించినాడు.

ఆషాఢంలో, గాలి మనిషిని తోసేసే దినం,
సెక్రెటరీ లోకనాథం సారు టేపు పట్టుకోని వచ్చె.
రెండో కొన పట్టుకునేదానికి మనిషి లేకపోతే
నేనే పట్టుకుంటి.
నా ఇంటిని నేనే కొలిపిచ్చుకుంటి.
"ఇది ఇల్లామ్మా, లాడ్జా?"
"సోమవారం వచ్చింటే ఇల్లు సార్,
మీరు శనివారం వచ్చినారు."
ఆ రెండిటి మధ్యలో కాయితంలో గడి లేదంట.
ఇల్లు అనే మాట కొట్టేసి
వ్యాపారం అని రాసినాడు.
చేతిరాత మాత్రం ముత్యాలే.

ఆ ఒక్క మాట ఇల్లంతా తిరిగింది.
ఇంటిపన్ను మూడింతలాయె.
కరెంటు మీటరు అదే గోడకు, అదే మేకుకు ఉండి
వేరే రేటుకు తిరగబట్టె.
యాపోడు వాని పాలు కోసుకోని,
సర్కారు పాలూ వాడే కోసిపెట్టి,
మిగిలింది బుధవారం పంపుతాడు.
మా చెల్లెలి కూతురు షాకీరా ఫోన్లో చదువుతాది:
అర్ర పద్దెనిమిది నూర్లు.
చేతికి పద్నాలుగు నూర్ల ఇరవై.
దాంట్లో సబ్బు, చాకిరీ, నీళ్ల ట్యాంకరు,
సంగటి, ఊరిమిండి,
వేన్నీళ్లు లేవని వాళ్లు కోసిన ఒక నచ్చత్రం.

రేటు పెంచుదామంటే
అవతల గుడారాలోడు ఉండాడు.
గోడ లేదు, గడప లేదు, టేపు ఆనేదానికి చోటు లేదు.
పొద్దున పీకేస్తే
నేల మీద నాలుగు బొక్కలు.
బొక్కలకు పన్ను లేదు.

ఎందుకు కట్టల్ల అని నేననను.
వాళ్లు పారేసిన సీసాలు లోయలో యాడో తగులుకోనుంటే
ఎవరో ఒకరు దిగి ఏరల్ల గదా.
దోవకు దీపం కావల్ల.
కానీ వాళ్లొచ్చేది నా మంచానికా?
పెన్న కోసిన కోతకు వస్తారు,
ఎర్రరాతి మీద పొద్దు పొడిస్తే చూసేదానికి వస్తారు.
దానికి బాడిగడిగినోళ్లు లేరు.
కన్ను మూసుకోని పడుకున్న ఆరు గంటలకే
ఇన్ని లెక్కలు.
మంగళవారం మొదులు శుక్రవారం దంకా
పరుపు ఒట్టిదే ఉంటాది,
మేం ఎక్కి పడుకోం, మాసిపోతాదని.

కార్తీకంలో ముసురు పట్టినప్పుడు
ఆదివారం రాత్రి లోకనాథం సారు బండి
మా వాకిట్లోనే ఆగిపాయ.
తలకు తువ్వాలిచ్చినాం. రొట్టె పెట్టినాం.
ఖాళీ అర్రలో పడుకున్నాడు, గురక వినపడింది.
తెల్లారి "ఎంతమ్మా?" అంటే
"మీ దగ్గర తీసుకుంటామా సార్" అన్నాడు నా మొగుడు.
నేను రసీదు బుక్కు తెచ్చి ముందర పెడితి.
"అర్ర రేటు నేను చెప్తా.
పన్ను మీరు ఏసుకోండి, నాకు రాదు."

ఏసినాడు. కొట్టేసినాడు. మళ్లా ఏసినాడు.
అర్ధగంట పట్టింది ఆయప్పకే.
తడి నోట్లు లెక్కపెట్టి ఇచ్చి
తల వంచుకోని బండి తోసుకుంటా పాయ.

నోట్లు కూడా దుప్పట్ల పక్కన తాడుకేసినా, క్లిప్పులు పెట్టి.
సోమవారమే.
ఎండ లేదు. ఏదీ ఆరల్యా.
వసారాలోనే కూర్చోనుండాం ఇద్దరం,
ఇల్లు ఇంకా మా పేరుకు రాల్యా.