ఒక్కరే చెప్పిన జవాబు

ఆ ఆటకు నూర్మంది కావాల.
ఆదోనిలో ఆ నూర్మందిని వెతికేది నా పని.
నూరు జవాబులకు యాభై రూపాయలు, టీ వేరే.

జిన్నింగు మిల్లు మీద మిద్దెగది,
మస్తాన్ వలీ కేబుల్ ఆఫీసు.
కిటికీ మూసినా దూది లోపలికొచ్చేది.
తొంభై ఎనిమిదిలో తీసిన టేపుల్లో
చిన్నపిల్లోళ్ళకు కూడా జుట్టు నెరిసే ఉంటుంది.

పెట్టెచెక్కల బోర్డు, దానికి ఆరు కిటికీలు,
కిటికీకొక క్యాలెండరు అట్ట,
వెనక దారాలు లాగేందుకు ఒక పిల్లోడు.
తప్పు చెబితే కుక్కరు విజిలు.
ఇటు నలుగురు, అటు నలుగురు,
నడుమ ఉరుకుందప్ప.
పొద్దున మార్కెట్ యార్డులో పత్తి వేలం పాడిన గొంతు
మాపటికి ఇంకా ఆరకుండానే
"ఒకటోసారి... రెండోసారి..." అంటాంటే
బస్సు డిపో కండక్టర్ల జట్టుకు చెమటలు.
మూడోసారి మాత్రం ఎప్పుడూ అనడు.
అంటే సరుకు పోయినట్టే కదప్పా, అనేవాడు.

"పొద్దున లేస్తానే మొదట ఏం చూస్తారు?"
కొళాయి, ముప్పై ఎనిమిది మంది.
దేవుని పటం, ఇరవై. నమ్మలేదు, అయినా రాసుకుంటి.
మబ్బు, పద్నాలుగు.
ఇద్దరైనా చెబితేనే బోర్డెక్కేది,
ఒక్కరే చెప్పింది జవాబు కాదు.
అది వలీ పెట్టిన రూలు.

"ఇంట్లో దాచిపెట్టేదేంది?" అని అడిగిన వారం
దుడ్లు, బంగారు, తాళంచెవి, బెల్లం, సారా సీసా.
మిల్లులో దూది ఏరే హనుమక్క
తల ఎత్తకుండానే అనింది:
"నగు.
మా యత్త పండుకున్నంక తీస్తా."
రాసుకుంటి. పక్కన ఒకటి వేస్తి.
బోర్డు మీదికి పోలేదు.

తర్వాత ఇండ్ల మీద డిష్షులు మొలిచినాయి.
వలీ టేపులు గోనెసంచిలో కట్టినాడు,
కుక్కరు ఇంటికి పోయింది.

రెండువేల తొమ్మిదిలో మళ్ళీ మొదలు.
అద్దాల సెట్టు, కోటేసుకున్న కుర్రోడు,
ఎస్సెమ్మెస్ పంపితే మిక్సీ గెలుచుకోవచ్చంట.
నన్నెవరూ పిలవలేదు.
నూర్మంది జవాబులూ
ఏసీ గదిలో ఒక్కడే కూర్చోని రాసేవాడు.
టీ అంగట్లో చూస్తా చూస్తా తోలు వ్యాపారి ఖాదర్ బాషా
"ఈ నూర్మంది యాడుంటారప్పా,
మన ఊర్లో ఐతే లేరు" అన్నాడు.
పదకొండు వారాలకు అదీ మూతబడింది.

ఇప్పుడు వలీ కూతురు ఫర్హానా.
మూడు సెల్‌ఫోన్లు, ఒక తెల్లదుప్పటి,
అదే మిల్లు, కాకపోతే మిల్లు నడవదు,
గాలిలో దూది లేదు.
వాళ్ళ నాయన టేపులకు బూజు పట్టింది,
చూపిస్తే గీతలూ, గీతల్లో వేలం గొంతూ.
"నూర్మందిని అడగాలి, నిజంగా" అనింది.
మోకాళ్ళకు నూనె రాసుకోని బయలుదేరితి.

తలుపు తీస్తానే
"ఏ పార్టీ సర్వే?" అంటారు.
"చెబితే ఎంతిస్తారు?" అంటారు.
కాదమ్మా, ఆటకు, అంటే
కాసేపు నమ్మరు, తర్వాత వదలరు.
పొద్దున లేస్తానే చూసేది సెల్లు, డెబ్బై ఒక్కరు.
కొళాయి ఇంకా ఉంది, పదకొండు.

నిన్న పాత ప్రశ్నే వేసినారు, దాచిపెట్టేదేందని.
సెల్లు లాక్ నంబరు, దుడ్లు, మందుల చీటీ
అన్నీ తెరుచుకున్నాయి, ఒక్కటే మిగిలింది.
అవతలి జట్టులో హనుమక్క మనవరాలు,
బీఫార్మసీ చదివే పిల్ల,
తన ముగ్గురితో గుసగుసలాడి, వాళ్ళు వద్దన్నా
మైకు దగ్గరికొచ్చి
"నగు" అనింది.

ఎర్రగీత పడింది. సున్నా.
అందరూ నగినారు, ఆ పిల్ల కూడా.

నేను సంచిలోంచి తొంభై ఎనిమిది నోటుబుక్కు తీసి
హనుమక్క పేరు పక్కన ఒకటి కొట్టేసి
రెండు వేసుకుంటి.