బీరువాలో తష్రీఖ్

మిచెల్స్ ప్లెయిన్ మీద ఆగ్నేయపు గాలి విరుచుకుపడే రాత్రి
మా అక్క కొడుకు బట్టల బీరువాలో దూరి
తలుపేసుకుంటాడు.
దుప్పట్లు, చలికోట్లు, వాళ్ల నాన్న పెళ్లి సూటు,
వాటి మధ్య హ్యాంగరుకి వేలాడే మైకు.
బయటి చప్పుడు లోపలికి రాదట.

లోపలిది మాత్రం బయటికొస్తుంది.
తుపాకులట, బంగారు గొలుసులట,
ఎన్నడూ చూడని ఊరి యాసలో.
ఉల్లిపాయలు తరుగుతూ వింటాను.
ఏ గొలుసురా?
మనింట్లో గొలుసంటే గేటుకి వేసేదొక్కటే,
అదీ తుప్పుపట్టింది.

నేనూ తిరిగాను ఒకప్పుడు, తల మీద, బొంగరంలా.
ఎనభై ఆరులో.
ఫ్రిజ్జుల షాపులో పనిచేసే రుష్దీ
ఖాళీ అట్టపెట్టెలు మోసుకొచ్చేవాడు.
విప్పి, పరిచి, మూలలకి టేపు అతికించేవాళ్లం.
క్యాసెట్టు రీలు బయటికొస్తే పెన్సిలుతో చుట్టేవాళ్లం.
ఆడపిల్లకి ఇదేం చోద్యమని ఇమాం గారు అమ్మని నిలదీస్తే
అమ్మ ఇంటికొచ్చి నా తలకి స్కార్ఫు రెండు మడతలేసి కట్టింది,
"పడితే దెబ్బ తగలకుండా" అని.
పోలీసు వ్యాను మలుపు తిరగ్గానే
అట్ట మడిచి చంకన పెట్టుకుని పరుగు.
మా వంటింటి భాషలో పాట కట్టినందుకు
బళ్లో ఆరు బెత్తం దెబ్బలు.
లెక్క నా అరచేతికి ఇంకా గుర్తే.

ఇవేవీ వాడికి చెప్పను.
చెబితే, "వ్యూస్ ఎన్నొచ్చాయి పిన్నీ?" అంటాడు.
పన్నెండు మంది చూశారు నాయనా,
అందులో ఒకడు దారి తప్పి వచ్చినవాడు.

నిన్న కరెంటు పోయింది.
రెండు వీధుల అవతల నాలుగు పేలుళ్లు.
టపాకాయలు కావని ఇక్కడ చంటిపిల్లలకీ తెలుసు.
బీరువాలో పాట టక్కున ఆగింది.
తలుపు తెరుచుకోలేదు. నేనూ తట్టలేదు.
దాని ముందే నేలమీద కూర్చున్నాను, కాలు చాపుకుని.

చాలాసేపటికి లోపలినుంచి, సొంత గొంతుతో:
"పిన్నీ, ఈ గాలిని అమ్మమ్మ ఏమనేది?"

బట్టల దొంగ అనేది.
తీగమీద ఒక్క చొక్కా మిగలనిచ్చేది కాదుగా.

"మళ్లీ చెప్పు."
చెప్పాను.

తలుపు సందులోంచి ఫోను వెలుగు గీతలా పడింది.
ఆ మాటని నోట్లో వేసుకుని నములుతున్నాడు,
ప్రాస కుదరక తిట్టుకుంటున్నాడు,
మళ్లీ మొదటికొస్తున్నాడు.
రేపు తిరిగి గొలుసులే పాడొచ్చు. పాడనీ.
చీకట్లో నా మోకాలు,
డాక్టరు వంచొద్దన్న మోకాలే,
తాళం వేస్తోంది.