పుర్రచేతి వాటం

కుతాయిసిలో వాన.
త్సియాలా టాబ్లెట్ మీద కలం పైకి లాగితే
తెర మీద గీత కిందికి జారుతోంది.

ఆమెది పుర్రచేతి వాటం.
మీటలు మణికట్టుకు అడ్డు రాకుండా
పలకను తలకిందులుగా పెట్టుకుంది.
ఆ సంగతి లినక్స్‌కి ఎవరూ చెప్పలేదు.

టెర్మినల్‌లో ఒక ఆదేశం. తప్పు.
ఇంకొకటి. చుక్క ఎక్కడో పోయింది.
ఈలోగా కరెంటూ పోయింది.
కింది వాటా వాఝా కొవ్వొత్తి తెచ్చి
"విండోస్ వేసుకోరాదూ?" అన్నాడు,
తలనొప్పికి తల తీయించుకోమన్నట్టు.

రెండో తరగతిలో ఈ చేతినే
వెనక్కి విరిచి స్కార్ఫుతో కట్టింది పంతులమ్మ.
తిప్పాల్సింది కాగితాన్నని
అప్పుడూ ఎవరికీ తట్టలేదు.

"సగం తిప్పు" అని రాసింది ఈసారి.
పైకంటే పైకే వెళ్ళింది గీత.
ఎంత ఒత్తినా మాత్రం ఒకటే లావు,
ఉప్పు మరిచిన పప్పులా.
మరో గంట పట్టింది
చేతి బరువెంతో యంత్రానికి నేర్పడానికి.

అప్పుడు గీసింది, తమ లిపిలో ఒక అక్షరం.
పొట్ట దగ్గర గీత ఊపిరి పీల్చి ఉబ్బింది,
తోక దగ్గర వెంట్రుకైంది.

వాఝాకి చూపిద్దామని తలుపు తీసి ఆగిపోయింది.
రెండున్నర.
కరెంటు ఎప్పుడొచ్చిందో తెలీదు;
కొవ్వొత్తి ఇంకా వెలుగుతూనే ఉంది.