మిరుగం దాకా

చలికి ఆగుతవా, అని అడిగిండు గౌస్ భాయ్.
రేకుల కింద ఇరవై ఎండాకాలాలు ఆగిన,
దీనికెంత, అన్న.
నవ్వి, పదకొండో నంబరు కోటు చేతిల పెట్టిండు.

బోరబండల బస్సెక్కినప్పుడు నలభై రెండు.
లోపల సున్నకు కింద ఐదు.
నడుమ ఒక్క రబ్బరు పరదా.

మొదటి వారం బూట్లు అందిచ్చుడే పని.
ఇప్పుడు నడక చూసి చెప్తున్న:
ఏడు, తొమ్మిది, పిల్లల మూడు.
తడిసిన సాక్సుల వాసన
అన్నం కలుపుతుంటె గూడ చేతిని ఇడుస్తలేదు.

తర్వాత జారుడుబండ మీద నిలబెట్టిండ్రు.
"మోకాళ్ళు వంచుండ్రి, కిందికి చూడకుండ్రి"
నిన్న నేర్చుకున్న రెండు ముక్కలు
పుట్టినప్పటిసంది తెలిసినట్టు చెప్పి
నేనే దబ్బున పడ్డ.

ఒక పిల్లగాడు లేపుకుంట అడిగిండు,
అక్కా, ఇది నిజం మంచేనా?
రాత్రంత మిషన్ దంచి పోస్తది,
పొద్దుగాల పారలతోని మేం సదురుతం.
సల్లగుందా లేదా, అది చెప్పు.

రోజుకు ఐదువందల యాభై,
మిరుగం చొచ్చేదాకనే.
వాన పడితే ఎవరొస్తరు మంచుకు?

బస్తీల నల్లా నాలుగు రోజులకొక్కసారి.
బిందెల లైన్ల చిన్నమ్మ మొగులు దిక్కు చూసి
ఈసారి జల్ది పడాలె, అంటది.
ఊఁ అంట నేను.
కడుపుల మాత్రం
ఇంకో పది రోజులు ఆగు వానా,
అయిదున్నర వేలు.

ఇయ్యాల డ్యూటీ దిగి
రోడ్డు మీదికొస్తే గాలి దుమారం.
మొద్దుబారిన చెయ్యి మీద
మొదటి చినుకు పడ్డది.

వెచ్చగుంది.